మూడో నంబరు కిటికీ

మనిషికి పది నిమిషాలిస్తారు నాకు.
విల్సన్ గార్డెన్‌లో మా ఆస్పత్రి నేలమాళిగ,
మందుల కౌంటర్లలో మూడోది,
అద్దంలో అరచెయ్యి పట్టేంత కంత.
కదిరి నుంచీ కుప్పం నుంచీ
రాత్రి బస్సు దిగి మొహమైనా కడుక్కోకుండా వచ్చేవాళ్లు
నా తెలుగు వినగానే
సగం జబ్బు తగ్గినట్టు చూస్తారు.
తగ్గదు. అయినా ఆ చూపు నాకిష్టం.

ఓబులేశమ్మ మాత్రం ఈ ఊళ్లోనే ఉంటుంది.
పీణ్యాలో చొక్కాల ఫ్యాక్టరీ,
పదిహేడేళ్లుగా కాలర్లు, ఒట్టి కాలర్లు.
సూది లేదు, సెలైను లేదు,
గోధుమరంగు కవర్లో మాత్రలు చూసి
"ఇంతేనా? ఇంటికి పోయి మింగేదేనా?
అట్లయితే పెద్ద రోగం కాదన్నమాట" అంది.

అక్కడ నేను ఆగాల్సింది.
వెనక ఇరవై ముగ్గురున్నారు.

గడగడా చెప్పేశాను:
పొద్దున మూడు, రాత్రి మూడు,
తిన్న అరగంటలోపే, మంచినీళ్లతో.
నూరొద్దు, విరవొద్దు, నమలొద్దు.
ఒక పూట మరిచిపోతే పోయిందంతే,
మరుసటి పూట రెండింతలు మింగి అప్పు తీర్చొద్దు.
పద్నాలుగు రోజులు వేసుకో, ఏడు రోజులు ఆపు,
ఆ ఏడూ మానేసినట్టు కాదు, అదీ వైద్యమే.
మనవరాలికి అందనిచోట పెట్టు.
ఇంకెవరైనా తీసిస్తే చేతికి తొడుగుండాలి.
జ్వరం నూరు దాటితే తెల్లారేదాకా చూడొద్దు.

తలూపింది. అందరూ ఊపుతారు.
మా రిజిస్టరులో ఆ ఊపుకో గడి ఉంది,
'అర్థమైంది' అని.
టిక్కు పెట్టాను.

మూడు వారాలకి వచ్చింది.
సంచిలోంచి కాలర్ ముక్కొకటి తీసి
కంతలోంచి లోపలికి తోసింది.
పొద్దుటి మాత్రకి నీలం కుట్టు,
రాత్రి మాత్రకి నల్ల కుట్టు.
ఆపిన ఏడు రోజులకీ
దారం లేని సూదిపోట్లు,
ట్యూబులైటుకి ఎత్తిపట్టుకుంటే కనబడ్డాయి.
ఎనిమిదో రోజు నల్లది లేదు.
"ఆ పొద్దు ఓవర్‌టైం, వచ్చి నిద్రపోతి.
అప్పు తీర్చలేదులే."

ఇంత లెక్క నా రిజిస్టరులో లేదు.

గుడ్డ వెనక్కి తీసుకుంటుంటే చూశాను,
పిడికిలి తెరవడం లేదు, వేళ్ల కొసలతో లాగుతోంది.
బతిమాలి తెరిపించాను.
ఎండ దెబ్బకి ఊడిన సున్నంలా తోలు,
కింద ఎర్రటి పచ్చి.
"సొల్ప మంట" అంది, కన్నడం అడ్డం పెట్టుకుని.

ఫ్యాక్టరీ గేటు దగ్గరి మిషను
నాలుగు రోజులుగా ఆమె బొటనవేలిని ఒప్పుకోవట్లేదట.
మత్తొమ్మె ప్రయత్నిసి, మత్తొమ్మె ప్రయత్నిసి,
వెనక క్యూ అంతా గొణుగుడు.
సూపర్‌వైజరు రెండు రోజుల జీతం కోశాడట.
"పదిహేడేండ్లు అదే గేట్లో దూరినా మ్మా.
ఇప్పుడు నేను నేను కాదంట."

ఫోన్ చెయ్యలేదేం? కవరు మీద నంబరు రాశాను కదా.

చానాసేపు కవరు వైపే చూసింది.
"చెప్తే మాత్రలు నిలిపేస్తారని భయపడితి."

నేను గడగడా చెప్పినవాటిలో
ఈ ఒక్కటీ లేదు:
బాధ చెబితే శిక్ష వెయ్యరు.
మోతాదు తగ్గించడం ఓడిపోవడం కాదు.
పొక్కు లేవకముందే నోరు విప్పితే
మందు ఇంకా చాన్నాళ్లు నీ వెంట నడుస్తుంది.

కిటికీ మూసి, పలక తగిలించి
నేనే పైకి తీసుకెళ్లాను.
చేతులు మానేదాకా ఆగమన్నారు, ఆపైన మూడుకి బదులు రెండు.
రాసుకోడానికి పూత.
ఫ్యాక్టరీకి చీటీ నేను రాశాను, డాక్టరు సంతకం:
'వేలిముద్ర మందు వల్ల చెరిగింది.
మనిషి ఈమే.'

ఇప్పుడు రెండోసారి వచ్చినవాళ్లని
కవరు కన్నా ముందు చేతులు అడుగుతున్నాను.
నిన్న కుప్పం పెద్దాయన
కంతలోకి అరచెయ్యి చాపి నవ్వాడు,
"చెయ్యి చూసి చెప్తారా మేడం?"
లేదు తాతా, చెయ్యి చూపించి నువ్వే చెప్పాలి.

పది నిమిషాలు పదిహేడవుతున్నాయి.
ఎందుకని పైనుంచి మెమో వచ్చింది.
జవాబు ఇంకా రాయలేదు.